11 డబ్బాలు, 5 కిలోల బియ్యం

నిరుడు సంక్రాంతికి మా అమ్మమ్మగారింట్లో పొయ్యి మీద మూకుడు పెట్టలేదు. తాతయ్య కార్తీకమాసంలో పోయాడు. మనిషి పోయిన ఏడాది ఆ ఇంట్లో పిండివంటలు వండకూడదంటారు. అలాగని ఆ ఇంటి పిల్లలు పండగపూట నోరు కట్టుకుని కూర్చోవాలని కాదు, చుట్టుపక్కల వాళ్ళే తెచ్చి పెడతారు. భోగి ముందు రోజు నుంచి కనుమ సాయంత్రం దాకా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు స్టీలు డబ్బాలు పట్టుకుని వచ్చారు. అరిసెలు, సున్నుండలు, జంతికలు, పోకుండలు, ఒకింటి నుంచి గోరుమిటీలు. ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేదు. డబ్బా అరుగు మీద పెట్టి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, వెళ్ళిపోయారు.

మొత్తం 11 డబ్బాలు.

డబ్బాని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదనేది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. కనీసం గుప్పెడు పంచదార అయినా వేసి పంపుతారు. కానీ ఆ ఏడాది మా ఇంట్లోంచి ఏదీ బయటికి వెళ్ళకూడదని అమ్మమ్మ పట్టు. దాంతో ఆ డబ్బాలన్నీ కడిగి, తుడిచి, అటక మీదికి చేరాయి. ఏడాది పాటు అక్కడే ఉన్నాయి. ఇచ్చినవాళ్ళు ఒక్కళ్ళు కూడా అడగలేదు.

ఈ నవంబరులో సంవత్సరీకం అయింది. ఆ రాత్రి అందరం భోజనాలు చేసి కూర్చున్నప్పుడు అమ్మమ్మ అంది: "ఈసారి పండక్కి డబ్బాలు ఇచ్చేయాలిరా."

అంటే 11 ఇళ్ళకి సరిపడా పిండివంటలు. నేను ఫోన్ తీసి షీట్ ఓపెన్ చేశాను. ఇది నా జబ్బు, ఏ పని చెప్పినా ముందు కాలమ్స్ పెడతాను. ఇల్లు, డబ్బా సైజు, వాళ్ళేం ఇచ్చారు, మనమేం ఇవ్వాలి. అమ్మమ్మ నోటితో చెప్తుంటే టైప్ చేశాను. ఏడాది కిందటి డబ్బాల్లో ఏమేం ఉన్నాయో, ఎన్నేసి ఉన్నాయో ఒక్కటి కూడా మర్చిపోలేదు ఆవిడ. 10 డబ్బాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. పదకొండోదాని మీద పేరు లేదు. "అది ఎవరిదో తర్వాత చూద్దాంలే" అంది.

చిన్న గొడవ ఒకటి జరిగింది. రెండు ఇళ్ళల్లో షుగరున్న పెద్దవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళకి జంతికలు మాత్రం ఇద్దామన్నాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "అరిసెలు పెట్టకపోతే ఏమనుకుంటారు? తినడం మానడం వాళ్ళిష్టం. పంపడం మన మర్యాద." సరే, 11 డబ్బాలు, ఒక్కోదాంట్లో 12 అరిసెలు, అంటే 132. ఇంటికి, హైదరాబాద్‌లో రూమ్మేట్లకి, ఆఫీసుకి కలిపి ఇంకో 70 దాకా. మా ఇంటి సైజులో కిలో బియ్యానికి 40 అరిసెలు వస్తాయి. 5 కిలోల బియ్యం. కిలోకి ముప్పావు కిలో చొప్పున బెల్లం 4 కిలోలకి కాస్త తక్కువ. లెక్క తేలింది. తేలనిది ఒకటే. మా ఇంట్లో పాకం చూసేది తాతయ్య.

రైలు టికెట్ 60 రోజుల ముందు, పొద్దున్న 8 గంటలకి, మూడు ఫోన్లలో ప్రయత్నిస్తే దొరికింది. సంక్రాంతికి గోదావరి జిల్లాలకి టికెట్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పండక్కి వారం ముందు శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కి, తెల్లారేసరికి రాజమండ్రిలో దిగాను. అక్కడి నుంచి మా ఊరికి రెండు దారులు. హైవే మీద కడియపులంక, జొన్నాడ మీదుగా రావులపాలెం వెళ్ళి వెనక్కి రావచ్చు. నేను ఎప్పుడూ రెండోదే పడతాను, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ ఇది. ధవళేశ్వరం వైపు ఆర్మ్, తర్వాత ర్యాలి ఆర్మ్ దాటితే బొబ్బర్లంక. జనవరి పొద్దున్న మంచులో నీళ్ళెక్కడ ముగుస్తాయో లంక ఎక్కడ మొదలవుతుందో తెలీదు. బస్సు కిటికీ తెరిస్తే ముక్కు జివ్వుమంటుంది. బొబ్బర్లంక దాటాక కాలవగట్టు, కొబ్బరిచెట్లు, ఆ తర్వాత ఆత్రేయపురం.

ఇక్కడ దిగకుండా వెళ్ళడం నా వల్ల కాదు. రోడ్డుకి రెండువైపులా పూతరేకుల షాపులే. 2023లో జీఐ ట్యాగ్ వచ్చాక బోర్డుల మీద ఆ మాట కూడా చేరింది. కానీ షాపు కంటే చూడాల్సింది వెనక వీధుల్లోని ఇళ్ళు. బోర్లించిన మట్టి కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డని రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. క్షణంలో పొర కట్టేస్తుంది. కాగితం కంటే పల్చన, అవతల చెయ్యి కనిపిస్తుంది. దాన్ని చిరక్కుండా తీసి పక్కన పేరుస్తారు. నేను చూస్తుండగా ఒకావిడ పక్కింటావిడతో కబుర్లు చెబుతూ, కుండ వైపు సరిగ్గా చూడకుండానే ఇరవై రేకులు తీసింది. పొగకి కళ్ళు మండి నేనే బయటికి వచ్చేశాను. ఆవిడ రోజంతా ఆ పొగలోనే కూర్చుంటుంది. పెట్టె మీద ధర చూసి ఎక్కువనుకునేవాళ్ళు ఒక్క పది నిమిషాలు అక్కడ కూర్చోవాలి.

నిజం చెప్పొద్దూ, ఆ షాపు ముందు నాకొక దుర్బుద్ధి పుట్టింది. ఈ పూతరేకులే కొని 11 డబ్బాలు నింపేస్తే? గంటలో పని అయిపోతుంది. అమ్మకి ఫోన్ చేశాను.

"కొన్నవి పెట్టి ఇస్తావా?" అంది.

అంతే. ఆఫీసుకి నాలుగు పెట్టెలు మాత్రం కొని బస్సెక్కాను. ఒక రకంగా నా లెక్క తేలికైంది కూడా.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య బియ్యం కొలిచి ఉంచింది. సన్నబియ్యం కాదు, లావు బియ్యం. సన్నబియ్యం అన్నానికేగాని అరిసెలకి పనికిరావని ఆవిడ నమ్మకం. బెల్లం అనకాపల్లిది, కాస్త నల్లగా ఉంది. పసుపుపచ్చగా మెరిసే బెల్లం కొనొద్దని అమ్మమ్మ ముందే హెచ్చరించింది. ఆ రంగు కోసం మందులు కలుపుతారని ఆవిడ అనుమానం, ఆ అనుమానం నిజమే కూడా. శనివారం మధ్యాహ్నం బియ్యం నానబోశాం. రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి నీళ్ళు మార్చాం. ఆదివారం మధ్యాహ్నం వడకట్టి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి, తడి ఉండగానే మరకి పట్టుకెళ్ళాం.

పండగ ముందు పిండిమర దగ్గర లైను ఎలా ఉంటుందంటే, మన ఆఫీసు లిఫ్ట్ దగ్గర సోమవారం పొద్దున్నలా. అక్కడ ఒక చిట్కా నేర్చుకున్నాను. మీ ముందు కారం ఆడించినవాళ్ళు ఉంటే మొహమాటపడకుండా వెనక్కి జరిగి ఇంకొకరిని ముందుకు పంపండి. లేకపోతే మీ అరిసెలు ఘాటుగా ఉంటాయి. ఆడించిన పిండిని జల్లించి, గిన్నెలో చేత్తో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచాలి. పిండి ఆరిపోతే ఇంక పాకం ఎంత బాగా కుదిరినా లాభం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. "పాకం నాకు రాదు నాన్నా. ఈ ఇంటికొచ్చి పాతికేళ్ళయింది, ఎప్పుడూ మావయ్యగారే చూసేవారు" అంది అత్తయ్య. మావయ్య పని తెడ్డు తిప్పడం. పాకంలో పిండి పోస్తుంటే ఉండకట్టకుండా కలపాలంటే భుజబలం కావాలి. తాతయ్య పొయ్యి పక్కన పీట వేసుకుని, నీళ్ళ పళ్ళెం పెట్టుకుని కూర్చునేవాడు. పాకం చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో దగ్గరికి తీసేవాడు. జారిపోతే ఇంకా కాలేదు. మెత్తగా ఉండ అయితే దించేయాలి. గట్టిగా అయితే ఆలస్యం అయినట్టే, ఆ అరిసెలు కొరకడానికి సుత్తి కావాలి. ఇదంతా నాకు మాటల్లో తెలుసు. వేళ్ళకి తెలీదు.

అందుకని థర్మామీటర్ తెచ్చాను. ఆన్‌లైన్‌లో కొన్నది. పంచదార పాకం మెత్తని ఉండ కట్టేది 112 నుంచి 116 డిగ్రీల మధ్య అని చదివాను. బెల్లానికీ దగ్గర దగ్గర అదే ఉంటుందనుకున్నాను. మొదటి కిలోకి బెల్లం కరిగించి, వడగట్టి, మళ్ళీ పొయ్యెక్కించి, థర్మామీటర్ ముంచి నిలబడ్డాను. 114 చూపించింది. "దించు మావయ్యా!" అన్నాను గర్వంగా. పిండి కలిపాం. కొంచెం జారుగా అనిపించింది, సర్దుకుంటుందిలే అనుకున్నాం. అరటాకు మీద నూనె రాసి, వత్తి, మూకుట్లో వేసిన మొదటి అరిసె చూస్తుండగానే విచ్చుకుపోయింది. రెండోది కూడా. మూడోది చట్రంతో తీయబోతే ముక్కలైంది. నూనె నిండా నువ్వులూ, బెల్లం పొక్కులూ.

ఏం జరిగిందో ఆ రాత్రికి అర్థమైంది. థర్మామీటర్ మొన గిన్నె అడుగుకి తగిలింది. అది చూపించింది అడుగు వేడి, పాకం వేడి కాదు. పాకం ఇంకా తీగ దగ్గరే ఉంది. సెన్సార్ తప్పుచోట పెట్టి డేటాని నమ్మాను. ఆఫీసులో జూనియర్ చేస్తే నేనే క్లాసు పీకే తప్పు.

కిలో బియ్యం పోయింది. ఆ ముద్దలో ఇంకాస్త పిండి కలిపి ఏవో లావుపాటి బిళ్ళల్లా వేయించింది అత్తయ్య. తినడానికి బానే ఉన్నాయి గానీ ఒకరింటికి పంపేవి కావు. మిగిలింది 4 కిలోలు, అంటే 160. డబ్బాలకి 132 పోతే ఇంటికీ హైదరాబాద్‌కీ కలిపి 28. ఇంకో కిలో పోతే డబ్బాలే నిండవు.

రెండో పాకం పెట్టాం. ఈసారి థర్మామీటర్ పక్కన పడేసి నీళ్ళ పళ్ళెం పెట్టుకున్నాను. చుక్క వేస్తాను, జారిపోతుంది. మళ్ళీ వేస్తాను, జారుతుంది. చెమటలు. అమ్మమ్మ వంటింటి గడపలో మాకు వీపు పెట్టి కూర్చుని, డబ్బాలు ఒక్కొక్కటే తుడుస్తోంది. కంటికి శుక్లాలు, ఆపరేషన్ పండగ తర్వాత. పొయ్యి వైపు తిరిగినా ఆవిడకి కనపడేది లేదు.

"దించు" అంది ఉన్నట్టుండి.

మావయ్య నా వైపు చూశాడు. నేను చుక్క తీసి నీళ్ళలో వేశాను. వేళ్ళ మధ్య మెత్తగా, గోళీలా ఉండ కట్టింది.

"నీకెలా తెలిసింది?"

"చప్పుడు. బుడగ నీళ్ళగా ఉన్నంతసేపు గలగలమంటది. చిక్కబడ్డాక గొంతు మారదూ?"

"మరి ఎప్పుడూ తాతయ్యే కదా చూసేది?"

"ఆయన పళ్ళెం చూసేవారు. దించే ముందు నా మొహం చూసేవారు" అని, చేతిలో డబ్బా మూత గట్టిగా నొక్కింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావయ్య పిండి పొయ్యమని అరిచాడు, పాకం ఆగదు కదా. మిగతా మూడు పాకాలూ అమ్మమ్మ చెవితోనే దించాం. నేను ఫోన్‌లో ఆ చప్పుడు రికార్డ్ చేశాను. మూడు సార్లు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా నాకు ఆ తేడా పూర్తిగా దొరకలేదు. మూడోదాంట్లో చివరి అరనిమిషం మాత్రం ఏదో మారినట్టు ఉంది. వచ్చే ఏడాదికి ఇంకా విని చూడాలి.

వేగినవాటిని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తడం నాకు అప్పగించారు. వేడిగా ఉండగానే వత్తాలి, మరీ గట్టిగా వత్తితే పగులుతాయి. రాత్రి 11 దాటింది. వీధిలో వెళ్ళేవాళ్ళు వాసనకి ఆగి, "ఏమ్మా, మూకుడు పెట్టారా?" అని అడిగి వెళ్ళారు. ఆ మాటకి అమ్మమ్మ ప్రతిసారీ "ఆయ్, పెట్టాం" అంది. అదొక్కటే ఆ రాత్రి ఆవిడ నాలుగైదు సార్లు చెప్పిన మాట.

మిగతావి ఆ తర్వాత రెండు రోజుల్లో అయిపోయాయి. మీరూ ఇలా ప్లాన్ చేస్తుంటే వరస ఒకటి గుర్తుపెట్టుకోండి. నిలవుండేవి ముందు, ఉండనివి చివర. సున్నుండలు, అరిసెలు, జంతికలు వారం ముందు చేసుకున్నా పర్లేదు. బూరెలు పండగరోజే. అరిసెలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. జంతికలు పక్క డబ్బాలో ఉండాలి, ఒకేదాంట్లో పెడితే మెత్తబడతాయి. బస్సు ప్రయాణానికి జంతికల కంటే చేగోడీలు నయం, విరగవు.

కనుమ రోజు పొద్దున్న నేనూ, మావయ్య కొడుకూ స్కూటీ మీద డబ్బాలు పంచడానికి బయల్దేరాం. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టారు. నిరుడు కూర్చోనివాళ్ళంతా ఈసారి మమ్మల్ని లేవనివ్వలేదు. ఒకింట్లో షుగరున్న తాతగారు అక్కడికక్కడే అరిసె తీసి, సగం విరిచి, కోడలు చూసేలోపు నోట్లో వేసుకున్నారు. "పాకం మీ తాతదే" అన్నారు. నేను సరిదిద్దలేదు.

పేరు లేని డబ్బా మాత్రం ఎవరూ తమదనలేదు. పది ఇళ్ళలోనూ అడిగాం. అమ్మమ్మ దాన్ని తీసుకుని, అందులోని 12 అరిసెలూ అలాగే ఉంచి, నా బ్యాగులో పెట్టింది. దాంతో హైదరాబాద్ వాటా పెరిగింది. మా రూమ్మేట్‌ది కరీంనగర్. వాళ్ళమ్మ పంపిన సకినాల డబ్బా కిందటి ఏడాది నుంచి మా కిచెన్‌లో ఖాళీగా పడి ఉంది. షీట్‌లో దానికీ ఒక వరస చేర్చాను.

ఇక 10 డబ్బాలు తీరిపోయాయి కదా అని సాయంత్రం షీట్‌లో పచ్చరంగు వేస్తుంటే, గేటు చప్పుడైంది. ఎదురింటి పిన్నిగారు. చేతిలో పొద్దున్న మేమిచ్చిన డబ్బానే. నిండుగా ఉంది.

రాత్రి ఎనిమిదికల్లా ఏడు వెనక్కి వచ్చాయి.