పాపం, పెరటి మిరప!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రుల్లో పనిచేసినన్నాళ్లూ "కారం మానేశాను డాక్టరుగారూ, అయినా కడుపులో మంట తగ్గలేదు" అన్న మాట తరచూ వినేవాణ్ణి. ఒకావిడ పెరట్లోని మిరప మొక్కలు కూడా పీకేసింది; మోకాళ్ల నొప్పికి మాత్రలు మాత్రం రోజూ మింగుతోంది!

కడుపులో పుండుకు చాలావరకు కారణం ఆ మాత్రలు, లేదా హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి. 1982లో దాన్ని గుర్తించిన ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండింటికీ వైద్యం ఉంది. కారం పుండును మండించవచ్చు గాని, పుట్టించదు.

మా ఇంటి కుండీల్లో కాసిన మిరపకాయల్ని చీల్చి, గింజలంటుకున్న తెల్లని పొర తీసి పప్పులో వేస్తాం. ఘాటు ఎక్కువగా ఆ పొరలోనే ఉంటుంది. మంట నెమ్మదించాక మీరూ అలాగే వండుకోండి. మలం తారులా నల్లగా వస్తే మాత్రం జాగు చేయక ఆసుపత్రికి రండి.