దింపాలా, ఉంచాలా?

ఓడ ఎక్కిన ప్రయాణికులు ముందుగా పై డెక్కుల మీదికే వెళతారు. ఈతకొలనులూ ఎండ కాచుకునే కుర్చీలూ అక్కడే ఉంటాయి. మా మెడికల్ సెంటర్ మాత్రం బాగా కిందన, నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది. సముద్రం పొంగినప్పుడు పైనున్నంత ఊపు కింద ఉండదు. పైగా రేవులోకైనా, పక్కకొచ్చి ఆగిన పడవలోకైనా తెరుచుకునే తలుపులు ఆ కింది డెక్కుల్లోనే ఉంటాయి. అంటే రోగిని బయటికి ఎటునుంచి తీసుకెళ్లాలో ముందే ఆలోచించి కట్టిన ఆసుపత్రి ఇది. నా ఉద్యోగమంతా ఆ ఆలోచన చుట్టూనే తిరుగుతుంది.

విశాఖలో నర్సింగ్ చదువుకుని, కొన్నేళ్లు ఐసీయూలో చేసి ఓడెక్కినదాన్ని నేను. ఎమర్జెన్సీలోనో ఐసీయూలోనో చేయి తిరిగినవాళ్లనే ఇక్కడికి తీసుకుంటారు. వంద మంది, అంతకు పైన జనంతో మూడు రోజులకు మించి విదేశీ ప్రయాణం చేసే ఓడలో డాక్టరు ఉండి తీరాలన్నది 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం పెట్టిన నియమం. నాలుగైదు వేల మంది ఉండే మా ఓడల్లో ఇద్దరు డాక్టర్లు, నలుగురైదుగురు నర్సులం ఉంటాం. పెద్ద క్రూయిజ్ కంపెనీలు అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ రాసిన ప్రమాణాలను పాటిస్తాయి. వాటి ప్రకారం వెయ్యి మందికి ఒక పడక, కనీసం ఒక ఐసీయూ గది, వెంటిలేటర్, ఈసీజీ, ఎక్స్‌రే, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, చిన్న ల్యాబ్ ఉంటాయి. సీటీ స్కాన్, ఆపరేషన్ థియేటర్, క్యాథ్‌ల్యాబ్, బ్లడ్ బ్యాంక్ మామూలుగా ఉండవు. ఉన్నవాటితో చికిత్స మొదలుపెడతాం. ఎక్కడిదాకా తీసుకెళ్లగలమన్నది లేనివాటిని బట్టి తేలుతుంది.

మామూలు రోజుల్లో వచ్చేవి దగ్గులు, జ్వరాలు, వాంతులు, మెట్ల మీద జారిపడిన పెద్దవాళ్ల విరిగిన ఎముకలు. స్పీకర్లలో “ఆల్ఫా, ఆల్ఫా, ఆల్ఫా” అని వినపడి, వెంటనే డెక్కు పేరు చెబితే మాత్రం ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. చాలా ఓడల్లో వైద్య అత్యవసరానికి అదే సంకేతం. మేం సంచులు భుజాన వేసుకుని పరిగెడతాం. స్ట్రెచర్ బృందం ఇంకో వైపు నుంచి వస్తుంది. వాళ్లలో చాలామంది అంతకు పది నిమిషాల ముందు వడ్డన చేస్తూనో, గదులు సర్దుతూనో ఉన్నవాళ్లే.

ఒక రాత్రి హిస్పానియోలా దీవికి ఉత్తరాన వెళుతున్నాం. రిటైరైన ఒక అమెరికన్ ఛాతీ పట్టుకుని క్యాబిన్ గుమ్మంలో కూలబడ్డారు. ఈసీజీ తీస్తే గుండెకు వెళ్లే రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుర్తులు కనబడ్డాయి. ఒడ్డున అయితే నేరుగా క్యాథ్‌ల్యాబ్‌కి తీసుకెళ్లి స్టెంట్ వేస్తారు. మా దగ్గర ఉన్నది గడ్డ కరిగించే ఇంజెక్షన్, టెనెక్టెప్లేస్. రోగి బరువును బట్టి మోతాదు లెక్కగట్టి ఒక్కసారిగా ఇస్తాం. ఇవ్వబోయే ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఈ మధ్య ఆపరేషన్ ఏమైనా జరిగిందా, మెదడులో ఎప్పుడైనా రక్తస్రావం అయిందా, రక్తం పలచబరిచే మందులేమైనా వాడుతున్నారా. ఆయన భార్య అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పారు. ఇంజెక్షన్ ఇచ్చేశాం.

అప్పుడు డాక్టరు ఓడను నడిపే బ్రిడ్జికి ఫోన్ చేశారు. కెప్టెన్ మొదట అడిగింది “ఎన్ని గంటల్లో చేరాలి?” అని. ఓడ ఎటు వెళ్లాలో నిర్ణయించేది కెప్టెనే. ఎంత తొందరో చెప్పేది మేము. వెనక్కి తిప్పితే తెల్లారేసరికి శాన్ హువాన్. అక్కడ క్యాథ్‌ల్యాబ్ ఉంది. కోస్ట్ గార్డ్‌ని అడిగితే హెలికాప్టర్ రావచ్చు. వాళ్ల డాక్టరు, ఫ్లైట్ సర్జన్, లైన్లోకి వచ్చారు. ఆయనా మా డాక్టరూ లాభనష్టాలు బేరీజు వేసుకున్నారు. గడ్డ కరిగించే మందు పడ్డ మనిషికి చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు. చీకట్లో, గాలిలో, తాడుకు వేలాడుతున్న స్ట్రెచర్‌లో గుండె ఆగితే ఛాతీ నొక్కేవాళ్లు ఉండరు. ఇక్కడ ఐసీయూ పడక ఉంది, షాక్ యంత్రం పక్కనే ఉంది. హెలికాప్టర్ వద్దనుకున్నారు. ఓడ తిరిగింది. రెండో ఈసీజీలో, గడ్డ కరుగుతోందన్నట్టుగా, పైకి లేచిన గీత కిందికి దిగింది. తెల్లవారాక శాన్ హువాన్ రేవులో అంబులెన్స్ సిద్ధంగా ఉంది.

ఒడ్డునున్నవాళ్లు హెలికాప్టర్ అనగానే ప్రాణం నిలబడినట్టే అనుకుంటారు. రోగిని దింపడం కూడా ఒక చికిత్సే. మందుకున్నట్టే దానికీ సమయం, మోతాదు, దుష్ఫలితాలు ఉన్నాయి. అవసరమైనప్పుడు ఆలస్యం చేయకూడదు, అవసరం లేనప్పుడు తొందరపడకూడదు. ఇన్నేళ్ల ఓడ ఉద్యోగం నాకు నేర్పింది ఇదే.

ఆ చికిత్స తప్పనిసరైన రోజులూ ఉంటాయి. అలాస్కా దక్షిణ తీరంలో వెళుతుండగా ఒక పెద్దావిడ రక్తం కక్కుకుంటూ వచ్చింది. ఎండోస్కోపీ లేదు, రక్తం నిల్వ లేదు. ఇలాంటప్పుడు ఓడలోని మనుషులే బ్లడ్ బ్యాంక్. సరిపోయే గ్రూపు ఉన్న సిబ్బందిని పిలిచి, అక్కడికక్కడ పరీక్షలు చేసి, తీసిన రక్తాన్ని వెచ్చగా ఉండగానే ఎక్కించాం. ఒక వంటవాడు, ఒక ఇంజనీరు ఇచ్చిన రక్తంతో ఆమె బీపీ నిలబడింది. కానీ రక్తం కారుతున్న చోటు మూసే దారి ఓడలో లేదు. సిట్కాలోని కోస్ట్ గార్డ్ స్థావరం నుంచి జేహాక్ హెలికాప్టర్ బయల్దేరింది. అది దాదాపు 300 నాటికల్ మైళ్లు సముద్రం మీదికి వచ్చి, కాసేపు గాలిలో నిలబడి, మళ్లీ తీరం చేరగలదు.

అది వచ్చేలోపు ఓడంతా సిద్ధం కావాలి. పై డెక్కులు ఖాళీ చేయించి, గొడుగులు, కుర్చీలు, తువ్వాళ్లు తీసేస్తారు. రెక్కల గాలికి ఒక్క తువ్వాలు ఎగిరి ఇంజన్లో పడినా ప్రమాదమే. బాల్కనీల్లో ఉన్నవాళ్లను లోపలికి పంపుతారు. మంటలార్పే బృందం గొట్టాలు పట్టుకుని నిలబడుతుంది. పైలట్ చెప్పిన దిశకు, వేగానికి కెప్టెన్ ఓడను తెస్తారు. తాడు లాగే యంత్రం హెలికాప్టర్‌కి కుడివైపున ఉంటుంది కాబట్టి, గాలి ఓడ ముందుభాగానికి ఎడమవైపు నుంచి ఏటవాలుగా తగిలేలా చూస్తారు. పైనుంచి దిగే కొక్కేన్ని డెక్కుకి తగలకముందు ఎవరూ ముట్టుకోకూడదు. రెక్కలు తిరిగి తిరిగి పుట్టిన విద్యుత్తు అందులో ఉంటుంది. తాడును ఓడకు కట్టనే కూడదు.

నా పని రోగి దగ్గర. సెలైన్ గొట్టాలు ఊడకుండా పట్టీలు వేశాను. చెవులకు, కళ్లకు రక్షణ పెట్టాను. పాస్‌పోర్టు, మందులు, మా రిపోర్టు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆమె ఒంటికి కట్టాను. పైకి వెళ్లాక ఆ హోరులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేరు. ఆ కాగితమే మాట్లాడాలి. ఆమె భర్తకు హెలికాప్టర్‌లో చోటు లేదు. ఆయన తర్వాతి రేవులో దిగి విమానమెక్కేదాకా సూట్‌కేసు సర్దడం, ఏజెంటుతో మాట్లాడటం, భోజనం చేయించడం మా బాధ్యతే. మొదటిసారి ఓడెక్కే నర్సులకు నేను ముందుగా చెప్పేది ఇదే. ఒక మనిషిని దింపితే ఇద్దరికి సేవ చేయాల్సి ఉంటుంది.

పక్షవాతం మా చేతులు ఎక్కువగా కట్టేసే జబ్బు. మెదడులో గడ్డ అడ్డుపడితే నాలుగున్నర గంటల్లోపు కరిగించే మందు ఇవ్వచ్చు. అదే రక్తనాళం చిట్లి ఉంటే ఆ మందు ప్రాణం తీస్తుంది. రెండింటినీ విడదీసి చెప్పేది స్కాన్ ఒక్కటే. అందుకని అనుమానం వస్తే బీపీ, శ్వాస చూసుకుంటూ దగ్గరి రేవుకి పరుగు తీయాలి. అంతకంటే ముందు వేలికొస గుచ్చి షుగర్ చూడాలి. ఎందుకో మన తెలుగు కుటుంబం ఒకదాని కథ చెబుతుంది.

తెనాలి వైపు నుంచి డాలస్‌లోని కూతురి దగ్గరికి వచ్చిన దంపతులు. కూతురు ముచ్చటపడి కరీబియన్ క్రూయిజ్‌కి తీసుకొచ్చింది. రెండో రోజు పొద్దున పెద్దాయన మాట తడబడి, ఒళ్లంతా చెమటలు పట్టి, కూతుర్నే గుర్తుపట్టలేదు. “పక్షవాతమేనా, హెలికాప్టర్ పిలుస్తారా?” అని ఆ అమ్మాయి వణికిపోతోంది. షుగర్ చూస్తే నలభై కూడా లేదు. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి కళ్లు తెరిచి నా పేరు బ్యాడ్జి చదివి, “మన తెలుగమ్మాయివా?” అన్నారు.

“అవునండీ బాబాయిగారూ. నిన్న రాత్రి ఏం తిన్నారు?”

“ఏం తింటానమ్మా, అన్నీ మాంసం వాసన. రెండు ముక్కలు పండు తిన్నాను.”

“షుగర్ బిళ్ల?”

“అది మానతానా? డాక్టరు రోజూ వేసుకోమన్నాడుగా!”

భోజనం మానేసి బిళ్ల మానకపోవడమే ఆ రోజు జబ్బు. వంటగదికి ఫోన్ చేసి అన్నం, పప్పు, పెరుగు తెప్పించాను. ఆ బిళ్ల ప్రభావం చాలాసేపు ఉంటుంది కాబట్టి పగలంతా మా దగ్గరే ఉంచుకుని గంట గంటకీ షుగర్ చూశాం. సాయంత్రానికి నడిచి క్యాబిన్‌కి వెళ్లారు. ఆయన్ని దింపకపోవడమే సరైన వైద్యం.

సిబ్బంది సంగతి వేరు. ప్రయాణికులు నొప్పి ఉందని చెబుతారు, వీళ్లు దాస్తారు. శ్రీకాకుళం కుర్రాడొకడు, వంటగదిలో పనిచేసేవాడు, కుడివైపు పొత్తికడుపు పట్టుకుని వంగిపోయి వచ్చాడు. నొప్పి మొదలై రెండు రోజులైందట. “అక్కా, దింపేస్తే జీతం పోతుంది కదా, మళ్లీ పిలుస్తారా?” అన్నాడు. ఓడలో జబ్బుపడిన సిబ్బందికి వైద్యఖర్చు యజమానిదే. పని చేయలేని కాలానికి కనీసం 16 వారాలపాటు జీతం బాధ్యతా యజమానిదేనని అదే 2006 ఒప్పందం చెబుతోంది. ఆ మాట నేను చెప్పేదాకా అతనికి తెలియదు. అపెండిసైటిస్‌కి యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి మర్నాటి రేవులో ఆసుపత్రికి పంపాం. ఆ నియమాలను ఓడ ఎక్కే ప్రతి కుర్రాడికీ వాడి భాషలో ముందే చెప్పాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాను.

మా వాళ్లను దింపాలని మేమనుకుంటే చాలదు, రేవు ఒప్పుకోవాలి. 2020 ఫిబ్రవరిలో కోవిడ్ భయంతో వెస్టర్‌డ్యామ్ ఓడను జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్, గ్వామ్, థాయ్‌లాండ్ రానివ్వలేదు. చివరికి కంబోడియాలోని సిహనౌక్‌విల్ రేవు 13వ తేదీన చోటిచ్చింది. ఆ రోజుల్లో సముద్రం మీదున్న మా అందరికీ ఒక రేవు విలువ ఏమిటో తెలిసింది.

క్రూయిజ్‌కి వెళ్లే మనవాళ్లను మూడే కోరుతున్నాను. వాడే మందుల పేర్లు, మోతాదులు, పాత జబ్బులు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. మందులు చేతిసంచిలో ఉంచండి, పెద్ద సామాను క్యాబిన్‌కి చేరేసరికి గంటలు పడుతుంది. ఇన్సూరెన్స్ కొనేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందా, ఓడ మీద నుంచి తరలించే ఖర్చు ఇస్తుందా అని అడిగి కొనండి. అమెరికా కోస్ట్ గార్డ్ ప్రాణం కాపాడినందుకు డబ్బు తీసుకోదు. కానీ ఆ తర్వాతి ఎయిర్ అంబులెన్స్, ఆసుపత్రి బిల్లు కుటుంబం మీదే పడతాయి.

మన విశాఖలోనూ 2023లో క్రూయిజ్ టెర్మినల్ మొదలైంది. అక్కడికి వచ్చే ఓడల్లోనూ గుండెపోట్లు వస్తాయి, మన కెప్టెన్లూ “ఎన్ని గంటలు?” అని అడుగుతారు. సముద్రంలో ఆపదకు భారత కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఉంది, నగరంలో గుండె ఆసుపత్రులున్నాయి. రేవు, కోస్ట్ గార్డ్, ఆసుపత్రులు కలిసి ఏడాదికోసారైనా ఒక రోగిని ఓడ నుంచి క్యాథ్‌ల్యాబ్ దాకా చేర్చే సాధన చేయాలి. ఓడ తలుపు దగ్గర స్ట్రెచర్ పట్టుకుని నిలబడే నర్సుగా నేను అడిగేది అదే. ఎంతమంది ప్రయాణికులు వచ్చారన్నదానితో పాటు, జబ్బుపడ్డ మనిషిని ఎంత త్వరగా అందుకున్నామన్నదీ మన రేవు లెక్కల్లో ఉండాలి.