లాడ్ బజారు లక్కగాజులు - మా నలుబది దినముల నోము

హైదరాబాదు నగరమునకు బోయిన వారెల్లరును చార్మినారును జూచి వత్తురు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన యా కట్టడమును గూర్చి గ్రంథములు చాల గలవు గనుక దానిని మరల వర్ణింపము. దానికి పడమటి దిక్కున బయలుదేరి మహబూబ్ చౌక్ వైపునకు సాగు వీధిని గూర్చియే మా మాట. దానికి లాడ్ బజారని పేరు. లాడ్ అనగా ఉర్దూలో గారాబమని కొందరును, లక్కను దెలుపు మాటయే యట్లు మారినదని కొందరును జెప్పుదురు. రెండర్థములును ఆ వీధికి దగియే యున్నవి.

గడచిన జ్యేష్ఠమాసమున, బడులు తెరువకముందే, మా ఆడుబిడ్డతో గూడ అచ్చటికి బోయితిమి. కాచిగూడలో రైలు దిగి, సిటీ బస్సెక్కి, మిట్టమధ్యాహ్నమునకు బజారు చేరితిమి. అంత యెండలోను దుకాణములలో దీపములు వెలుగుచునే యుండును. ఆ వెలుగు గాజులలోని రాళ్లపై బడి, కొనువారి ముఖములపైకి మరలుచుండును. పెండ్లికి వలయు చీరలు, అత్తరులు, ముత్యములు నచ్చట దొరకును గాని, ఆడువారి కన్ను ముందుగా బోవునది గాజుల వరుసల మీదికే. ఒక దుకాణములో నొక గృహిణి అరగంట బేరమాడి, నాలుగు జతల మీద మంచి మొత్తమే తగ్గించుకొని, విజయోత్సాహముతో వెడలినది. బేరము మన జాతికి వెన్నతో బెట్టిన విద్య గదా! మా ఆడుబిడ్డ ఆమెను మెచ్చుకొన్నది కూడ.

మేము గాజులు చేయుటను జూడగోరితిమని విని, ఆ దుకాణదారుడు మర్యాదస్థుడు గనుక, ఒక కుఱ్ఱవానిని దోడిచ్చి వెనుక సందులోని యొక యింటికి బంపెను. బజారులో మెఱయు గాజులు పుట్టుట అట్టి యిండ్లలోనే. చిన్న గది, ఒక కిటికీ, నడుమ బొగ్గుల కుంపటి. దాని ముందొక వృద్ధురాలు, ఆమె కోడలు కూర్చుండి యున్నారు. లక్కలో తెల్లని రాతిపొడి చేర్చి మెత్తబఱచిన ముద్ద నొక కఱ్ఱకొనకు దగిలించి, నిప్పుపై ద్రిప్పుచు, రంగులక్కను దానిపై బూయుదురు. పిమ్మట పలకపై దొరలించి తాడువలె సాగదీసి, కొలతకు ద్రుంచి, రెండు కొనలు నతికించి, కొనదేలిన కొయ్య దిమ్మకు దొడిగి గుండ్రముగా దిద్దుదురు. రాళ్లు పొదుగుట యటుపిమ్మటి పని. గాజును మరల వేడిచేసి, చిన్న పట్టుకారుతో నొక్కొక్క రాతిని దీసి, లక్క మెత్తగా నున్నంతలో నదిమిపెట్టవలెను. వేడి మించినచో రాయి మునిగిపోవును, చల్లారినచో అంటదు. ఆ రెంటి నడుమ నుండు కాలము మనము గుక్కెడు మంచినీళ్లు త్రాగునంతయే.

గాజుల కొలతలను "రెండు నాలుగు", "రెండు ఆఱు" అని మనమందఱము చెప్పుచునే యుందుము గాని యర్థము తెలిసినవారు తక్కువ. రెండు నాలుగనగా లోపలి యడ్డుకొలత రెండంగుళముల మీద పదునాఱింట నాలుగు వంతులన్న మాట. ఒక్క వంతు భేదించినను చేతికి బట్టదు. ఆ వృద్ధురాలు కొలబద్ద ముట్టక, కంటి చూపుతోనే ముక్క ద్రుంచుచుండెను.

"అమ్మా, ఈ పని యెన్నాళ్లకు వచ్చును?" అని యడిగితిమి. ఆమె తలయెత్తక, ఉర్దూ కలసిన తెలుగులో, "రోజూ చెయ్యి పెట్టాలె బిడ్డా! ఒక్క రోజు పెట్టకుంటే చెయ్యి మరిచిపోతది" అనెను. కూలి యెంతయని యడుగుటకు మాకు నోరు రాలేదు, కోడలే చెప్పినది. అది జతకింతయని యిచ్చెడి కూలి. ఆ దుకాణములో గృహిణి తగ్గించుకొన్న మొత్తములో, ఒక జత పాలికి వచ్చిన దాని కంటె నది తక్కువ. మా ఆడుబిడ్డ మాటలాడలేదు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు ఇతరులు వాడుకొనకుండ కాపు గలిగినది గాని, ఆ గది కిటికీ యింకను ఒక్కటియే.

మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు గుంపులుగా జేరి, రసము పీల్చి, తమ చుట్టును గట్టుకొన్న గూడే లక్క. మన దేశములో జార్ఖండ్ రాష్ట్రము దీనికి ముఖ్యస్థానము. భారతములో వారణావతమున పాండవులను దహింప గట్టించిన లక్కయింటి కథ మనమెఱిగినదే. లక్క యెంత వేగమున నంటుకొనునో కుంపటి ముందు గూర్చున్నగాని తెలియదు. కాళిదాసు శాకుంతలమున అత్తవారింటికి బోవు కన్య పాదములకు లత్తుక నొక చెట్టే ప్రసాదించినది. ఇంటిని గాల్చునదియు, పాదమును నలంకరించునదియు నొక్క పురుగు పనియే!

ఆ వృద్ధురాలి మాట మమ్ము విడువలేదు. రెండు కిలోల లక్క, రంగులు, కొయ్య దిమ్మ, రాళ్లు తెచ్చుకొని, ఆషాఢ శుద్ధ పాడ్యమి మొదలు దినమునకొక జత చొప్పున నలుబది దినములు చేయ సంకల్పించితిమి. శ్రావణ శుద్ధ దశమికి నోము ముగియును. ఆ జతలు పేరంటాండ్రకు తాంబూలముతో నీయవలెనని కోరిక. కొనగా దొరకు వస్తువునకు ఇంత శ్రమయేల యని మావారు ప్రశ్నించిరి. వారు ప్రతిదినమును పిల్లలచేత ఒక పుట దస్తూరి వ్రాయింతురు. అచ్చు పుస్తకములు దొరకుచుండగా అదియేల యని మేమడిగితిమి. వారు నవ్వి, కుంపటికి బొగ్గులు తామే తెచ్చిరి. అత్తగారికి మాత్రము నిప్పు భయము. అందుచేత పెరటి వసారాలో, గాలి యాడుచోట, పిల్లలు రాకుండ అడ్డుబల్ల పెట్టి, ప్రక్కన నీళ్లబిందె నుంచి, మా కర్మశాల నేర్పఱచితిమి. వంటింటి పని ముగిసి, పిల్లలు బడికి బోయిన వెనుక రెండు గంటలు మావి. ఆ వేళ నెవరును మమ్ము బిలువరాదన్నది కట్టడి. గాజుల కంటె నదియే దుర్లభమైన వస్తువని సోదరీమణులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇది వ్రాయునాటికి పదునెనిమిది జతలైనవి. మొదటి యైదు దినములు ఒక్కటే రంగు, రాయి లేని గాజులు. ఆఱవ నాడు అద్దపు బిళ్లలు పొదిగితిమి. పదునొకండవ నాడు చిన్నవానికి జ్వరము వచ్చుటచే రాత్రి భోజనములైన పిమ్మట కుంపటి రాజేసి, సాదా జతయే చేసితిమి. వ్రేళ్ల కొనలకు వేడి యలవాటగుచున్నది. కన్నులు మాత్రము త్వరగా నలయును. దీపపు వెలుగున రాళ్లు పొదుగ గూడదని దినదినమును దెలియుచున్నది. మాకు జతకు రెండు గంటలు పట్టుచుండగా, ఆ కోడలు మా కన్నుల యెదుట ఒక్క గంటలో ఒక జత ముగించినది. అట్టి వేగమునకెన్ని సంవత్సరములు పట్టెనో!

మొన్న మా ఆడుబిడ్డ తన యూరి సంతలో గాజులు కొని, అడిగిన వెల యిచ్చి వచ్చితినని జాబు వ్రాసినది. మా అత్తగారు దానిని విని, "అట్లయిన దుకాణదారునికి లాభము గాని చేసినదానికేమి?" అనిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే మిగిలిన రాళ్లు కొనుటకు మరల బోయినప్పుడు, పెద్ద కోడలి సీమంతమునకు వలయు జతలు ఆ సందులోని యింటనే చెప్పి చేయింపవలెనని నిశ్చయించుకొంటిమి. దుకాణదారుని యనుమతి యడిగియే లెండి, వారి వారి ఏర్పాట్లు వారికుండును. మా లక్క సగమునకు మించి యైపోయినది. నలుబది దినములకు చాలునట్లు లేదు.