మత్తు డాక్టర్‌కు మీరు చెప్పాల్సిన సంగతులు



నేను మత్తు డాక్టర్‌ని. మాది రాజేంద్రనగర్. మా పాప మన స్కూల్లోనే రెండో తరగతి. సీతాఫలాల కాలంలో గింజ, మిగతా రోజుల్లో పల్లీ, శనగ, పెన్ను మూత... ఏదో ఒకటి పిల్లల గొంతుకు అడ్డం పడుతూనే ఉంటుంది.

"ఇరుక్కున్నది తీయడమే కదా, మత్తుకు ఇంత హడావుడి ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. అసలు కష్టం అక్కడే ఉంది. బిడ్డ ఊపిరి పీల్చే దారిలోనే సర్జన్ పరికరం కూడా దిగాలి. మత్తు ఇస్తే గొంతు కండరాలు సడలి ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. నోరు పూర్తిగా తెరుచుకోని పిల్లలకు, దవడ బాగా చిన్నగా ఉన్నవాళ్లకు, కాలిన గాయాలతో మెడ బిగుసుకుపోయినవాళ్లకు గొట్టం వేయడమే గండం. అలాంటప్పుడు సొంత ఊపిరి ఆగకుండా మెల్లగా మత్తు ఇస్తాం. అవసరమైతే మెడ ముందు నుంచి దారి చేయడానికి సర్జన్ సిద్ధంగా ఉంటారు.

ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న పాఠం మన ఊరికి పాతదే. 1888, 1889లో క్లోరోఫాం కమిషన్లు జరిగింది హైదరాబాద్‌లోనే. నాడి కంటే ఊపిరినే చూడమని డాక్టర్ ఎడ్వర్డ్ లారీ తన విద్యార్థులకు చెప్పేవారు. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు.

ఇప్పుడు మా దగ్గర మానిటర్లున్నాయి. కానీ ఈ నాలుగు సంగతులు మీరు చెబితేనే తెలుస్తాయి:

1. చివరిసారి ఏం తిన్నారు, ఎన్ని గంటలకు?
2. ఊగుతున్న పన్ను ఉందా?
3. రాత్రిళ్లు గట్టిగా గురక పెడతారా?
4. గతంలో మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది అయిందా?

తిన్నాడంటే ఆపరేషన్ వాయిదా వేస్తారని కొందరు దాస్తారు. దయచేసి దాచకండి. ఊపిరాడని బిడ్డకు వాయిదా ఉండదు. మేం మత్తు ఇచ్చే పద్ధతి మార్చుకుంటాం.

ఇంట్లో బిడ్డ దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. నోట్లో వేలు పెట్టి వెతకకండి. మాట, దగ్గు రెండూ ఆగిపోతే ముందుకు వంచి భుజాల మధ్య ఐదుసార్లు గట్టిగా చరచండి. ఏడాది దాటిన పిల్లలకైతే తర్వాత బొడ్డు పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కండి. అడ్డం తొలగేదాకా ఇలాగే చేస్తూ, పక్కనున్నవారితో 108కి ఫోన్ చేయించండి. బటన్ బ్యాటరీ మింగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. 2 గంటల్లోనే అది అన్నవాహికను కాల్చేయగలదు.

పై నాలుగింటిలో చివరి మూడింటి జవాబులు ఈ రోజే ఒక కాగితం మీద రాసి, పాత ఆపరేషన్ కాగితాలతో కలిపి ఉంచండి. కంగారులో గుర్తురానివి ఆ కాగితం చెబుతుంది.