కారం ముందు, ఉప్పు తర్వాత

జ్ఞానదంతం తీయించుకుని నెలైనా నాలుక సగం మొద్దుబారే ఉందంటూ ఎవరైనా వస్తే, ముందు కళ్లు మూసుకోమను. దూదిపోగుతో నాలుక మీద గీసి, ఎటు గీశావో అడుగు. తర్వాత సూదిమొన, ఆపైన కాలిపర్. రెండు మొనలూ విడివిడిగా తెలియాలి. బాగున్న పక్క మొదలుపెట్టు, కొలబద్ద అదే. కేసుషీట్లో "కాస్త నయం" అని రాస్తే మా గురువుగారు కొట్టేసి, మిల్లీమీటర్లు రాయమనేవారు.

నాలుక నరం కింది జ్ఞానదంతానికి లోపలివైపు, ఎముకను దాదాపు ఆనుకునే పోతుంది. డ్రిల్లు కాస్త జారితే చాలు. మూడు నెలలైనా స్పర్శ బొత్తిగా లేకపోతే తెరిచి చూడాల్సిందే. "అదే వస్తుంది, ఆగండి" అన్న మాట నమ్మి ఏడాది తర్వాత వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తెగిన కొసన న్యూరోమా, అంటే దారీతెన్నూ లేకుండా పెరిగిన నరపు గడ్డ ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా కోస్తూ పో. ఆరోగ్యమైన పోగులు ఉబ్బి బయటికి పొంగితే ఆపు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. మా థియేటర్ సిస్టర్ నరం కింద నీలం రబ్బరు ముక్క పరిచేది, మైక్రోస్కోపులో దారం ఇట్టే కనబడేది. కుట్టు పైపొరకే. 8-0 నైలాన్‌తో కొసలు సులువుగా కలవకపోతే బలవంతాన లాగకు, బిగువుంటే కుట్టు నిలవదు. పిక్క వెనక నుంచి సూరల్ నరం ముక్క తెచ్చి అతుకు.

ఆ తర్వాత పని నరానిదీ, రోగిదీ. పోగు రోజుకు మిల్లీమీటరు పెరిగితే గొప్ప. నెలల తరబడి ఏమీ తెలియదు, ఆపైన చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ముందే చెప్పకపోతే ఆపరేషన్ చెడిందని హడలిపోతారు. అద్దంలో చూస్తూ దూదితో బాగున్న పక్కా, మొద్దు పక్కా మార్చి మార్చి తాకాలి, ఆనక కళ్లు మూసుకుని.

ఇలాగే నరం కుట్టించుకున్న ఒకావిడ, టిఫిన్ సెంటర్ నడుపుతుంది, ఓ రోజు పరుగున వచ్చింది. "డాక్టర్ గారూ, పచ్చడి కారం చురుక్కుమంది! ఉప్పే తెలియట్లేదు." ఎగిరి గంతేయాలనిపించింది. కారం రుచి కాదు, నొప్పి. నొప్పీ వేడీ తెలిపే పోగులే ముందు కోలుకుంటాయి, కాలిపర్ పరీక్ష నెగ్గేది చివర్న. రుచి పోగులు అదే నరంలో వెళ్లినా అంతగా తిరిగిరావు, వస్తాయని మాటివ్వకు. ఆవిడ ఇప్పటికీ చట్నీ ఉప్పు బాగున్న కుడిపక్కతోనే చూస్తుంది.