మూలన పడ్డ కంప్యూటర్ హాల్లోకి వచ్చింది

2010లో అన్నలు మన హాస్టల్‌కు ఇచ్చిన కంప్యూటర్ ఏమైందని ప్రతి వార్షికోత్సవానికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఈసారి దాని సంగతే రాస్తున్నాం. అది స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాల పక్కన నాలుగేళ్ళు దుమ్ము పట్టి ఉంది. పాత సామాన్ల బండికి వేద్దామన్న మాట కూడా వచ్చింది. వార్డెన్ సార్‌ను అడిగి, పీజీ చదివే పది మందిమి దాన్ని బయటికి తీశాం.

పాత కంప్యూటర్‌ను టీవీకి కలిపి పాటలు, సినిమాలు, ఫోటోలు అన్నీ ఒకేచోట చూసుకునేలా చేస్తే దాన్ని 'హోమ్ మీడియా సెంటర్' అంటారు. ఏడాదిలో పది నెలలు ఇక్కడే ఉండే మనకు హోమ్ అంటే హాస్టలే కదా!

డబ్బా తెరిచేదాకా మాకూ భయమే. మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఇలాంటి వస్తువు ఇంట్లో చూసి ఎరగం. కానీ నాలుగు స్క్రూలు తీసి చూస్తే, మా నాన్నలు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని బాగుచేసే బోరు స్టార్టర్ డబ్బా కంటే సులువుగానే కనిపించింది. లోపల కోర్ 2 డ్యూయో ప్రాసెసర్, జీ31 బోర్డు, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఫ్యాను కింద దుమ్ము దూదిలా గడ్డకట్టింది. పెయింట్ బ్రష్షుతో దులిపాం. ఆన్ చేసినప్పుడల్లా తేదీ 2009 జనవరి 1 అని చూపించేది. అప్పటికి మేము ఒకటో తరగతి పిల్లలం! బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోతే తేదీ అలా వెనక్కి పోతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్లు కూడా సరిగా తెరుచుకోవు.

తలా 200 రూపాయలు వేసుకుని 2000 పోగుచేశాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్ళి 120 జీబీ ఎస్ఎస్‌డీ, 2 జీబీ పాత ర్యామ్‌లు రెండు, బ్యాటరీ, థర్మల్ పేస్టు, ఆడియో కేబుల్ తెచ్చాం. ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్2 అని గట్టిగా చెప్పాలి, డీడీఆర్3 ఆ గాడిలో కూర్చోదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ఆపేసింది కాబట్టి దాన్ని తీసేసి ఉచితంగా దొరికే లుబుంటు వేశాం. ముందు ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఇప్పుడు నిమిషంలోపే తయారు.

మీడియా సెంటర్ అంటే అందరూ కోడి వేస్తారు. మన బోర్డు గ్రాఫిక్స్‌కు అది భారమైంది. వీఎల్‌సీ చాలనుకున్నాం. దాని పుట్టుక మనవాళ్ళు తెలుసుకోదగ్గది. 1996లో పారిస్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్‌లో వీడియోలు చూసుకోవడానికి మొదలుపెట్టిన పని అది. 2001 నుంచి ప్రపంచమంతా ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కొత్తగా వచ్చే హెచ్.265 వీడియోలు మన ప్రాసెసర్ మీద ఆగి ఆగి నడుస్తాయి. హెచ్.264లో, 720పీలో ఉన్నవి తెచ్చుకుంటే హాయిగా ఆడతాయి. హాలు టీవీకి వీజీఏ కేబుల్ కలిపాం. అందులో బొమ్మ వస్తుందిగాని శబ్దం రాదు, స్పీకర్లకు వేరే తీగ వేయాల్సిందే.

ఇప్పుడు అందులో ఎన్‌పీటెల్ పాఠాలున్నాయి. సిగ్నల్ కోసం డాబా ఎక్కే పని తప్పింది. సినిమాలూ ఉన్నాయి. ఆదివారం ఏ సినిమా వేయాలన్న గొడవ మాత్రం ఏ ర్యామ్‌తోనూ తీరదు.

కానీ ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం 'అమ్మల పాటలు' అన్న ఫోల్డర్. మాలో ఒకడి నాన్న గొంతు పాత కీప్యాడ్ ఫోన్లో రెండు నిమిషాలు ఉండేది. ఆయన పోయాక వాడు రోజూ వినేవాడు. ఒక వానాకాలం ఫోన్ తడిసింది, గొంతూ పోయింది. ఆ సంగతి తెలిశాక మిగతావాళ్ళం సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నాటు పాటలు, బతుకమ్మ పాటలు, నానమ్మల ఉయ్యాల పాటలు రికార్డు చేసుకొచ్చాం. వాటిని కూలికి పోతూ పాడుకున్నారే తప్ప ఎవరూ రాసిపెట్టలేదు. పాత ఫోన్లలోని ఏఎంఆర్ ఫైళ్ళు కొన్ని ప్లేయర్లు తెరవవు. మనదాంట్లో పలికాయి. ఇప్పటికి 41 పాటలయ్యాయి. మొదటిసారి హాల్లో పెట్టిన రాత్రి, మెస్‌లో వండే అక్క గిన్నెలు వదిలేసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మా ఊళ్ళో ఇంకో చరణం ఉంది అని పాడింది. అదీ ఎక్కించాం. నాన్న గొంతు పోగొట్టుకున్న వాడే ఆ ఫోల్డర్ చూసుకుంటున్నాడు. ప్రతి పాటకూ ఊరి పేరు, పాడినవాళ్ళ పేరు రాస్తాడు.

పాత హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచాం. ఆ డిస్క్ వయసు పదిహేనేళ్ళు దాటింది, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. అన్నలెవరి దగ్గరైనా వాడకుండా ఉన్న 500 జీబీ డిస్క్ ఉంటే వార్షికోత్సవం రోజు వెంట తెండి. ఇంట్లో మూలన పడ్డ పాత ఫోన్లుంటే అవీ తెండి. చార్జర్లు, కేబుళ్ళు మా దగ్గర ఉన్నాయి.