తెల్ల గోడ ముందు నల్ల ముఖం

మా అవ్వ చనిపోయింది 2022లో. పెద్దకర్మకు ఫొటో కావాలన్నారు. అప్పుడు తెలిసింది, మా దగ్గర ఆమె ఫొటో లేదని.

ఒకటి ఉండేది. మా మేనమామ పెళ్ళిలో ఎవరో తీసింది. అవ్వ పక్కన నిలబడి నవ్వుతా ఉండేది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చింది గదా. సోమశిల డ్యామ్ గేట్లన్నీ ఎత్తేశారు, డ్యామ్ కింద కట్టిన ఆప్రాన్ కొట్టుకుపోయింది, ఏటి ఒడ్డున సోమేశ్వరుడి గుడి కూడా దెబ్బతినింది. అంత నీళ్ళొస్తే మా కాలనీ ఒక లెక్కా? ఇనప్పెట్టెలో ఉన్న కాగితాలన్నీ ముద్దయిపోయినాయి. వాటితో పాటే ఆ ఫొటో.

మిగిలింది ఓటరు కార్డులో ఉన్న బొమ్మ. గోరంత. తెల్ల గోడ ముందు ఒక నల్లటి మచ్చ, అందులో రెండు కళ్ళు. దాన్నే తీసుకుపోయి ఒక స్టూడియోలో పెద్దది చేయమన్నాం. వాళ్ళు చేసిచ్చారు. ముఖం తెల్లగా చేశారు. మెడకింద పట్టుచీర కట్టారు, మెళ్ళో హారం వేశారు. మా అవ్వ బతికున్నన్నాళ్ళూ పూసల దండ తప్ప ఇంకోటి వేసింది లేదు. ఆ ఫొటోకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టేటప్పుడు మా అమ్మ తల తిప్పేసుకుంది.

"ఇది మాయమ్మ కాదురా" అనింది.

ఆ మాట నాకు బాగా తగిలింది. ఎందుకంటే నేను చేసే పని కూడా అదే.

ఆత్మకూరులో ఒక జిరాక్స్ షాపులో పని చేస్తాను. ఆధార్‌కు, రేషన్ కార్డుకు, కుల ధ్రువీకరణ పత్రానికి అప్లికేషన్లు నింపుతాం. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తాం. అనంతసాగరం, మర్రిపాడు వైపు నుంచి మన యానాదులు కూడా వస్తారు. గోడకు తెల్ల గుడ్డ కట్టి, ముందు నిలబెట్టి తీసేది. ముఖం నల్లగా పడేది. తర్వాత కంప్యూటర్లో తెలుపు పెంచేది. ఓనరు చెప్పిన పద్ధతి అదే. "తెల్లగా వస్తే జనం ఇష్టపడతారబ్బయ్యా" అనేవాడు. నిజమే, కొందరు ఇష్టపడేవాళ్ళు. కొందరు ఫొటో చేతిలో పట్టుకుని కాసేపు చూసి, ఏమీ అనకుండా డబ్బులిచ్చి పోయేవాళ్ళు. వాళ్ళు ఎందుకు మాట్లాడలేదో మా అమ్మ మాట విన్నాక గాని నాకు తెలియలేదు.

ఫొటో తీయడం నేర్చుకోవాలనుకున్నాను. పద్నాలుగు వేలు పెట్టి ఒక పాత కెమెరా కొన్నాను. యూట్యూబ్ చూస్తే ఏమీ ఎక్కలేదు. నెల్లూరులో ఒక మాస్టారున్నాడని షాపుకొచ్చే పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ చెప్పాడు. రీలు కెమెరాల కాలం నుంచి స్టూడియో నడిపి ఇప్పుడు మూసేసిన మనిషి. ఒక్కొక్కరికే నేర్పుతాడు, అదీ నడుస్తానే. ఒక పూటకు ఐదు వందలు. ఫోన్ చేస్తే, "ఆదివారం పొద్దున ఆరింటికల్లా గాంధీ బొమ్మ దగ్గరికి రా. చెప్పులు మంచివి వేసుకో" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

శనివారం సాయంత్రమే బస్సెక్కినా. సోమశిల నుంచి ఆత్మకూరు, అక్కడ బస్సు మారితే సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా నెల్లూరు. ఈ దారి పొడుగునా పెన్న మనతోనే ఉంటుంది, కొంతసేపు కనపడతా, కొంతసేపు కనపడకుండా. 78 టీఎంసీల డ్యామ్ మా ఊరి పక్కన ఉంది. ఆ నీళ్ళు సంగం దగ్గర ఆగుతాయి, నెల్లూరు దగ్గర ఆగుతాయి, ఇంకో కాలవలో కండలేరు పోయి అక్కడి నుంచి మద్రాసు దాకా పోతాయి. మా ఊరి నీళ్ళు చూసినన్ని ఊళ్ళు మేం చూడలేదు.

మాస్టారు సన్నటి మనిషి, అరవై దాటుంటాయి. చేతిలో కెమెరా లేదు. నా కెమెరా చూసి, "దాన్ని సంచిలో పెట్టు" అన్నాడు. గంటసేపు బయటికి తీయనీయలేదు. ట్రంకు రోడ్డు మీద నడిపించాడు. వెలుగు ఎటు నుంచి వస్తా ఉందో, ఎవరి ముఖం మీద ఎట్టా పడతా ఉందో చెప్పమన్నాడు. టీ బంకు దగ్గర ఆగి, "టీ పోసే ఆయన ముఖంలో ఏ చెంప వెలుగుగా ఉంది?" అని అడిగాడు. నేను తప్పు చెప్పినా. "కళ్ళు పెట్టి చూడరా, మాట కోసం చూడొద్దు" అన్నాడు.

చిన్నబజారు, పెద్దబజారు దాటి సంతపేట వైపు పోయాం. షట్టర్లు అప్పుడప్పుడే ఎత్తుతా ఉన్నారు. కూరగాయల గంపలు దించుతా ఉన్నారు. అక్కడ కెమెరా తీయమన్నాడు. ఒక సున్నం కొట్టిన గోడ ముందు నన్ను నిలబెట్టి, నా కెమెరాతోనే నన్ను తీసి చూపించాడు. అచ్చం మా అవ్వ ఓటరు కార్డు. గోడ బూడిద రంగులో ఉంది, నేను మసిలాగా ఉన్నాను.

"ఎందుకిట్టా పడిందో చెప్పు."

"నేను నల్లగా ఉంటా గదా సార్."

ఆయనకు కోపమొచ్చింది. "నీ నలుపు తప్పు కాదు. కెమెరా గుడ్డిది. దానికి లోకమంతా ఒక నడిమి బూడిద రంగే. ముందు ఎక్కువ తెలుపు కనపడితే, అబ్బో వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. గోడ బూడిదైపోతుంది, నువ్వు మసైపోతావు. నువ్వు దానికి చెప్పాలి, ఒక మెట్టు వెలుగు ఎక్కువ తీసుకోవే అని." ప్లస్సు గుర్తున్న మీట తిప్పి మళ్ళీ తీశాడు. ఈసారి గోడ గోడలాగా ఉంది. నేను నాలాగా ఉన్నాను. నల్లగానే ఉన్నా. కానీ చెంప ఎముక కనపడతా ఉంది, పెదవి పక్కన చిన్నప్పటి గాటు కనపడతా ఉంది.

తర్వాత నన్ను ఒక చీకటి వసారాలోకి తీసుకుపోయి ఉల్టా చూపించాడు. వెనక చీకటి ఉంటే కెమెరా వెలుగు ఎక్కువ తీసుకుని ముఖాన్ని పాలిపోయినట్టు చేస్తుంది, అప్పుడు మైనస్ వైపు తిప్పాలి. "నల్ల మనిషిని తెల్లగా తీసేది కాదు పని. నల్లగానే, వెలుగుతో తీయాలి" అన్నాడు.

అట్టా నడుస్తానే ఒక సంగతి చెప్పాడు. రీలు కాలంలో కొడాక్ కంపెనీ వాళ్ళు ఫొటోలు కడిగే ల్యాబులకు ఒక కార్డు పంపేవాళ్ళంట. దాని మీద ఒక తెల్ల అమ్మాయి బొమ్మ. షర్లీ కార్డు అంటారు. ఆమె ఒంటి రంగు సరిగ్గా వచ్చిందంటే అన్ని రంగులూ సరిగ్గా ఉన్నట్టే లెక్క. 1950ల నుంచి ఏళ్ళ తరబడి అదే కొలత. ముదురు రంగులు సరిగ్గా పడటం లేదని చాక్లెట్ల కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు గొడవ పెట్టుకున్నాక ఫిల్మును కొంత మార్చారు. నల్లవాళ్ళ బొమ్మలు కూడా ఉన్న కార్డులు 1990లలో గాని రాలేదు. "చాక్లెట్ కోసం మార్చినారు గాని మనిషి కోసం మార్చలేదు చూడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నాకు ఇంకో ఫొటో గుర్తొచ్చింది. డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో థర్‌స్టన్ పుస్తకం చూశాను. మద్రాసు మ్యూజియంలో అధికారిగా చేసిన తెల్లదొర. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. రంగాచారి అనే ఆయన సాయం చేశాడు. యానాదుల సంగతి చివరి సంపుటంలో ఉంది. ఆ దొర మనుషుల తలలు కొలిచేవాడు, ముక్కులు కొలిచేవాడు. ఆ సంపుటాల్లో చాలా ఫొటోల కింద చూస్తే కులం పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ కాలంలోనే నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్ళను, యానాదుల్లో కొందరిని కూడా పట్టీలో ఎక్కించి వేలిముద్రలు తీసుకున్నారు. 1871లో పుట్టిన ఆ చట్టం పోయింది 1952లో. మా తాతల బొమ్మ కావాలన్నా, వేలిముద్ర కావాలన్నా, సర్కారుకే కావాల్సి వచ్చింది. మా ఇంట్లో గోడకు మాత్రం ఏదీ రాలేదు.

ఎండ రంగనాయకుల గుడి గాలిగోపురం మీదికి వచ్చేటప్పటికి మేం ఏటి ఒడ్డుకు చేరాం. గట్టు కింద ఒక ముసలామె ప్లాస్టిక్ సీసాలు ఏరుతా ఉంది. సంచి భుజాన వేసుకుని వంగినప్పుడు వెలుగు పక్క నుంచి పడింది. మాస్టారు చెప్పిన వెలుగే. నేను కెమెరా ఎత్తాను.

ఆమె చూసింది. సంచి దించి, చీర సర్దుకుని, చేతులు కిందికి వేలాడేసి, బడిపిల్ల మాదిరి నిటారుగా నిలబడింది.

"ఏ ఆఫీసు అబ్బయ్యా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు.

"పోయిన తూరి కూడా తీసుకున్నారు. ఇల్లొస్తదన్నారు. ఏం రాలేదు. ఇప్పుడు దేనికి?"

కెమెరా కిందికి దించేశాను. నా చేతులు వణికినాయి. నేను థర్‌స్టన్ దొరను తిట్టుకుని పది నిమిషాలు కూడా కాలేదు. ఆమె పేరు అడగకుండా, ఊరు అడగకుండా, వెలుగు బాగుందని బొమ్మ తీసుకోబోయినా. మాస్టారు నా వైపు చూశాడు గాని ఏమీ అనలేదు. పోయి కొంచెం దూరంలో గట్టు మీద కూర్చున్నాడు.

నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. "ఆఫీసు కాదవ్వా. నేర్చుకుంటా ఉండా. నేనూ మనోళ్ళే, సోమశిల" అన్నాను.

సోమశిల అనగానే ఆమె ముఖం మారిపోయింది. "డ్యామ్ కట్టకముందు మాది ఆ పైన" అనింది. మునిగిన ఊరు. వాళ్ళ నాయన రెడ్డి గారి మామిడితోటకు కాపలా ఉండేవాడంట. వానాకాలం ఏట్లో మావులు పెట్టి చేపలు పట్టేవాళ్ళంట, కోతలప్పుడు కుండలో గడ్డి పెట్టి బొక్కల్లోకి పొగ ఊది ఎలుకలు పట్టేవాళ్ళంట. "భూమి ఉన్నోళ్ళకు డబ్బులొచ్చినాయి. మాకు పట్టా యాడుంది? లెమ్మన్నారు, లేచినాం." ఏటి వెంబడే కిందికి వచ్చి, చివరికి నెల్లూరు గట్టు మీద ఆగారు. నీళ్ళు వచ్చిన దారినే మనుషులూ వచ్చారు. నీళ్ళకు మాత్రం ఇక్కడ బ్యారేజీ కట్టారు.

అరగంట మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు ఆమే అడిగింది, "ఇప్పుడు తియ్యి. నల్లగా పడకూడదు."

"నల్లగానే పడతావవ్వా. కానీ బాగా పడతావు" అన్నాను.

ఆమె నవ్వింది. ఏట్లో నీళ్ళ మెరుపు వెనక పడకుండా ఆమెను చింతచెట్టు నీడ అంచుకు తీసుకొచ్చాను. కొప్పు విప్పి మళ్ళీ ముడేసుకుంది. సంచి పక్కన పెట్టమంటుందేమో అనుకున్నా. పెట్టలేదు. "ఇది నా పనేగా" అని భుజానే ఉంచుకుంది. ముఖం చూసి వెలుగు కొలిచి, రెండే రెండు తీసినా.

తిరిగొచ్చేటప్పుడు మాస్టారికి ఐదు వందలు ఇచ్చాను. లెక్క పెట్టి జేబులో పెట్టుకుని, "మొదటిది తీయనందుకు నీకు నేర్పొచ్చు అనుకున్నా. ఇంకోసారి రా" అన్నాడు. అంతకు మించి మెచ్చుకోలేదు.

మూడు వారాల తర్వాత ప్రింటు వేయించుకుని మళ్ళీ పోయినా. ఆమె గుడిసె వెతుక్కోవడానికి ఒక పూట పట్టింది. ఫొటో వెనక ఆమె పేరు, తేదీ, మునిగిపోయిన ఆమె ఊరి పేరు రాసిచ్చినా. ఇక్కడ మాత్రం ఆ పేరు రాయడం లేదు. పుస్తకంలో వేస్తానని ఆమెను నేను అడగలేదు. ఆమె ఫొటోను చాలాసేపు చూసింది. "చేతులు ఇంత ముసిలివైపోయినాయా" అనింది. తర్వాత ఆధార్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవరులో దాన్ని కూడా పెట్టి, దూలానికి దోపింది.

షాపులో ఇప్పుడు తెల్ల గుడ్డ ముందు మనిషిని రెండు అడుగులు ముందుకు నిలబెడతాను. మీట ప్లస్ వైపు తిప్పుతాను. కంప్యూటర్లో తెలుపు పెంచను. ఓనరు మొదట్లో గొణిగాడు. ఇద్దరు ముగ్గురు గిరాకీలు, "ఇంకొంచెం తెల్లగా చెయ్" అని అడిగారు. అడిగినవాళ్ళకు చేశాను, అది వాళ్ళ ముఖం. అడగనివాళ్ళకు మాత్రం చేయడం మానేశాను. ఆదివారాలు నడుస్తా ఉండా. పోయిన నెల ఉదయగిరి పోయి, చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఆడవాళ్ళ చేతులు తీసుకొచ్చాను. ముందు టీ తాగి, మాట్లాడి, అడిగి తీశాను. ఇద్దరు వద్దన్నారు. తీయలేదు.

ఒక్క ఫొటో మాత్రం ఇంకా కుదరలేదు. మా అమ్మది. కెమెరా తీస్తే చాలు, "నన్ను తీసినావంటే గోడెక్కించేదానికే గదా" అంటుంది. నేనేమీ అనలేక సంచిలో పెట్టేస్తాను. మొన్న మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండానే, "ఆమెకు ఇచ్చినావంట గదా, ఏట్లో ఆమెకు. చూపీ" అనింది. ఫోనులో చూపించాను. పొయ్యి వెలుగులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మాయమ్మ కూడా సంచి అట్టే ఏసుకునేది" అనింది.

సంక్రాంతికి ఎర్రచీర కట్టుకుంటాను, అప్పుడు చూద్దాం అంది. కెమెరా బ్యాటరీ ఛార్జింగులో పెట్టి ఉంచాను.